వేలికి చుట్టుకున్న పోగు

మోతె అనే ఊళ్లో ఒక ముసలి నేతగాడు, ముక్కు మగ్గం మీది పడుగు పోగులకు తగిలేలా వంగి చీర నేస్తున్నాడు. గుమ్మంలో నిలబడ్డ భార్యను చూడగానే ఆయనకు ఒళ్లు మండింది. మళ్లీ అదే మాట ఎత్తుతుందని తెలుసు.

"సూర్యాపేటకు పోయి కండ్లద్దాలు తెచ్చుకొమ్మంటే ఇనవేందయ్యా?"

"తొవ్వల రజాకార్లున్నరు."

"వాళ్లు పోయి ఏడాదాయె. బస్సులు గూడ నడుస్తున్నయ్. ఇంకో సాకు జెప్పు."

"నా కండ్లకేమైందే? నెల రోజులాయె, పడుగుల ఒక్క పోగన్న తెగిందా?"

"తెగలేదా?"

"తెగితే నాకు ఆనదా?"

"నువ్వు బీడీ తాగనీకి బయటికి పోయినప్పుడల్లా మగ్గం గుంటల దిగి అతికేది ఎవ్వరనుకున్నవ్? నిన్నొక్కనాడే పదకొండు పోగులు అతికిన. ఇందాక నువ్వు బయటికి పోయినప్పుడు గూడ అతికిన."

ఆయన పేక నూలు తోసే నాడె పక్కన పెట్టి, పడుగును వేళ్లతో తడిమాడు. తెగిన పోగు ఒకటి వేలికి చుట్టుకుంది.

"మరి దీన్నెందుకు ఇడిచిపెట్టినవ్?"

"ఏదీ?"

"గిదే. నా యేలికే ఉన్నది సూడు."

ఆమె వచ్చి, ఆయన వేలిని ముఖం దగ్గరికి లాక్కొని చూసింది. తర్వాత దూరంగా పట్టుకొని చూసింది.

"లే," అంది చివరికి. "బస్సు పోతది. ఇద్దరం పోదాం."