ఒకటో ప్లాట్‌ఫాం బెంచీ

కామారెడ్డి స్టేషన్‌లో ఒకటో ప్లాట్‌ఫాం మీది పాత రాతి బెంచీని పెకలించడానికి కూలీ ఒకడు గడ్డపారతో వచ్చాడు. దాని మీద ఒక ముసలామె కూర్చుని ఉంది.

“లే అవ్వా, ఇది తీసేస్తున్నం. కొత్త స్టీలు కుర్చీలు వస్తయి. లిఫ్టు గూడ వెడ్తున్నరు.”

“నిజాం జమానాల ఏసిన బెంచి బిడ్డా. ఇదొక్కటి ఉండనియ్యరాదు?”

“నా చేతుల ఏమున్నదవ్వా? గీ రాయి మీద గంత పాయిరం ఎందుకు?”

“ముప్పై ఏండ్ల కింద మా ఆయన దుబాయి పోయిననాడు గీడనే కూసున్నం. బొంబాయి రైలు రాంగనే ఉరికిండు. గుండె గోలీలు బెంచి మీదనే మరిచిండు.”

“పిలువకపోయినవా?”

“పోయేటోన్ని ఎనుకనుంచి పిలిస్తే కీడని నోరు మూసుకున్న. ఆడ కొనుక్కుంటడులే అనుకున్న.”

“కొనుక్కున్నడా?”

“పదో దినం నిద్రలనే పానం వోయింది.”

కూలీ గడ్డపార కింద పెట్టాడు.

“రైలెక్కినంక నీ దిక్కు చూడనే లేదా అవ్వా?”

“చూసిండు బిడ్డా. రైలు కదులంగ కిటికీలకెళ్లి చూసిండు. గోలీలు కనవడితే మల్ల దిగొస్తడని, కొంగుల దాసుకొని, నవ్వుకుంట చెయ్యి ఊపిన.”