కడుపు తిప్పే గోళీ, తిప్పని గోళీ

గోళీ మంచిదే డాక్టరమ్మా. మంచిది కాదని నేనెప్పుడన్న? ఆ మంచితనంతోనే సస్తున్న.

నవ్వకుండ్రి. జర ఆ తలుపు దగ్గరికెయ్యుండ్రి, బయట మొగోళ్లు కూసున్నరు. చెప్త.

నా నాలుగో కాన్పు మీకు యాదుండే ఉంటది. సచ్చి బతికిన. మా ఆయన హైదరాబాద్ దాక ఉరికి రక్తం సీస తెచ్చిండు. "నీలమ్మా, ఇంకో కాన్పయితె నిన్ను నేను గూడ కాపాడలేను" అని మీరే అంటిరి. ఆపరేషన్ చేయుండ్రి అంటె, ఒంట్ల రక్తం లేదు, కొన్నాళ్లు ఆగుమంటిరి. పోనీ, ఆయనకు చేపిద్దమా? అబ్బో! ఎమర్జన్సిల మొగోళ్లను ఆపరేషన్లకు పట్టుకపోయే జీపు చప్పుడైతె జొన్నచేన్ల పండుకున్న మనిషి. ఎమర్జన్సి పొయ్యి ఆరేండ్లాయె, ఆయన ఇంక చేన్లకెంచి బయటికి రాలె.

ఇంట్ల నలుగురు మొగపిల్లలు. సాలదా? సాలదంట! "ఒందు హెణ్ణు బేకు" అంటది మా అత్త. ఆమెది బీదర్ దిక్కు లెండి, కోపమొచ్చినా మురిపెమొచ్చినా కన్నడమే. ఒక్క ఆడపిల్ల కావాల్నంట. ఇంటికి లక్ష్మంట. నిజమే కద, రేపు నేను పోతె రొట్టెలు కొట్టెటందుకు ఒక లక్ష్మి ఉండాలె.

గట్ల మీ మొదటి గోళీ మొదలువెట్టిన. ఇరవయ్యొక్కటి మింగుమంటిరి, వారం ఆపుమంటిరి, మళ్ల కొత్త పట్టీ తీయుమంటిరి. ఇది పాత రకం, మందు జర గట్టిగుంటది, కడుపు తిప్పుతది, మెల్లగ సర్దుకుంటదని గూడ అంటిరి.

ఏం సర్దుకున్నది? లేస్తె కక్కుడు. పొయ్యి మీద నూనె కాగితె కక్కుడు. ఆయన దుకాణం కాడికెంచి వస్తె కక్కుడు. అండ్ల మీ గోళీ తప్పెంతో, ఆయన బీడీ తప్పెంతో నాకెర్క లేదు. తలనొప్పి, రొమ్ములల్ల సలుపు, మొఖం బూరె లెక్క పొంగింది. మా అత్త వాకిట్ల నిలవడి చూసింది. ఇంతింత కండ్లు చేసుకున్నది. "నీళ్లు పోసుకున్నవానే?" అన్నది.

నేనేం చెప్పాలె? పిల్లలు కావద్దని మింగిన గోళీనే కక్కిస్తున్నదని చెప్పాల్నా?

అయిపాయె! మొగుడంపల్లిల ఉన్న మా ఆడిబిడ్డ దాక కబురు పోయింది. గల్లీ అంత పేడాలు పంచిన్రు. ఆయనకు తెల్వదా అంటరా? మీరు రాసిన చీటీ పట్టుకపొయ్యి ఆ గోళీలు కొనుక్కొచ్చిందే ఆయన. "జర మీ అమ్మకు చెప్పుండ్రి" అని కండ్లతోని సైగ చేసిన. ఇంత పెద్ద పేడా నోట్ల వెట్టుకున్నడు. నోటి నిండ పేడా ఉన్న మనిషి ఎట్ల మాట్లాడ్తడు, మీరే చెప్పుండ్రి!

కానీ డాక్టరమ్మా, ఆ దినాలు ఏం దినాలు! నా చేతులకెంచి బిందె గుంజుకున్నరు. బోరింగు కాడికి పోవద్దు. పిండి గిర్నికి జొన్నల మూట మోయొద్దు. పొద్దుగాల పాలు, అన్నంల నెయ్యి. మా ఇంట్ల నెయ్యి ఉంటదని నాకు అప్పుడే తెలిసింది. మంచంల పండుకుంటె మా అత్తనే రొట్టె తెచ్చిచ్చింది. "లెవ్వకు బిడ్డా" అన్నది. బిడ్డా అన్నది! నేను ఎవ్వరినో అంటున్నదనుకొని ఎనుకకు మల్లి చూసిన.

గోళీ ఆపిన వారంల ముట్టయింది. మీ లెక్కల అది సరిగ్గనే అయింది. మా అత్త లెక్కల కడుపు పోయింది. ఏడ్సింది డాక్టరమ్మా, కొంగు నోట్ల కుక్కుకొని నిజంగ ఏడ్సింది. నాకే పాపమనిపించింది. ఇంక కొన్ని దినాలు మంచం దిగనియ్యలె. వచ్చే నెల మళ్ల కక్కుడు, మళ్ల నెయ్యి. ఆ మీది నెలకు ఆమెకు అనుమానమొచ్చింది. నా మీద కాదుండ్రి! నాకు గాలి సోకిందని. ఝరాసంగం దేవునికి మొక్కుకున్నది.

గప్పుడు మీకు దయ కలిగింది. ఈ రెండో గోళీ ఇచ్చిన్రు. మందు తక్కువ, పని మాత్రం అంతే. ఇరవయ్యెనిమిది ఉంటయి, ఆపే పని లేదు, మళ్ల ఎన్నడు మొదలువెట్టాల్నని యాది వెట్టుకునే పని లేదు. ఆఖరి ఏడు ఎర్రమట్టి రంగువి, రక్తం పట్టెటియి. అత్త అడిగితె "రక్తానికి" అన్న. అబద్ధమా? ఏడు గోళీల మట్టుకు నిజమే కద.

ఎంత మంచి గోళీ! కడుపు తిప్పదు. తల నొయ్యదు. మొఖం పొంగు దిగింది. మింగినట్టు నాకే తెల్వదు. ఇంక ఇంట్లోళ్లకేం తెలుస్తది?

బిందె మళ్ల నా చేతికొచ్చింది. జొన్నల మూట నెత్తి మీదికెక్కింది. నెయ్యి గిన్నె అటక మీదికి పోయింది. "గుర్రం లెక్క తిరుగుతున్నవ్, మరి కడుపెందుకు నిలుస్తలేదు?" అని దెప్పుడొకటి. ఆయనా? ఆయనేమనడు. పేడాలు ఎప్పుడో అయిపోయినయి, నోరు ఇంక తెరవలె.

నిన్న బిందె ఎత్తుతుంటె కండ్లకు చీకట్లొచ్చినయి. గడప కాడ పడ్డ. మా అత్త ఉరికొచ్చింది. నా తల పట్టుకున్నది. "వాంతులైనయా?" అని అడిగింది. కాలేదన్న. తల ఇడిసిపెట్టింది. "మరి లెవ్వు" అన్నది.

గందుకే వచ్చిన. ఆ పాత గోళీనే ఇయ్యుండ్రి. నాకు పిచ్చి లెవ్వలె, గట్ల చూడకుండ్రి. బిడ్డను ఆపెటందుకు రెండూ ఒక్కటే కద. పాతదైతె కక్కుకుంటనైన జర పండుకుంట.

ఏంది, తల అడ్డం ఊపుతున్నరు? నా ఒంటికి పాతది పడదా? ఇంకింత గుంజుకపోతనా? గట్లనా.

ఆయనను పిలిచి చెప్తరా? పిలువుండ్రి. చేతులు కట్టుకొని నిలవడ్తడు, అన్నిటికి సరే అంటడు. ఇంటికి పొయ్యి అమ్మ పక్కన కూసుంటడు.

ఒక్క మాట చెప్త, తిట్టకుండ్రి. పొద్దుగాల పెరట్లకు పొయ్యి గొంతుల ఏలు వెట్టుకొని చూసిన. అత్త వినాల్నని. కండ్లల్ల నీళ్లొచ్చినయి గని వాంతి రాలె. కడుపుల ఏమన్న ఉంటె కద వచ్చేది.

ఇయ్యుండ్రి, ఆ మంచి గోళీనే ఇయ్యుండ్రి. జల్ది ఇయ్యుండ్రి డాక్టరమ్మా, కరెంటు పోకముందే గిర్నికి పోవాలె.