కందే అక్క, కందని చెల్లి

గుమాస్తాగారు ఈ ఉదంతాన్ని మరొకరి నోట వినలేదు. కోత మిల్లు ఎదుటి టీ కొట్టులో, బల్ల ఎడమ కొసన కూర్చుని స్వయంగా విన్నారు. రంపం మోతలో జారిపోయిన రెండు మూడు మాటలను మాత్రం, కొట్టు నడిపే, అందరూ అత్తయ్య అని పిలిచే ఆవిడను అడిగి పూరించుకున్నారు.

ఆ పొద్దున వడ్రంగి అడవిలో ఏరిన పుట్టగొడుగులు బుట్టెడు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మధ్యాహ్నం ఇంట్లో వాటి కూరే. తినేది అతని భార్యా, ఇద్దరు పిల్లలూ. "మంచివేనంటావా మామయ్యా?" అని అతడు బల్ల అవతలి కొసన కూర్చున్న పాత లారీ డ్రైవరును అడగగానే గుమాస్తాగారు చేతిలోని గ్లాసు కింద పెట్టేశారు. తెలియదన్న మాట ఆ మామయ్య నోట ఎన్నడూ రాలేదు.

"ఇందులో రెండు జాతులున్నాయిరా అల్లుడూ. ఒకటి అక్క, ఒకటి చెల్లి. ఇద్దరికీ అదే గోధుమరంగు టోపీ, అవే తెల్లమచ్చలు. గిల్లితే కందేది అక్క, తినొచ్చు. కందనిది చెల్లి, తిన్నవాణ్ణి మోసుకుపోవాల్సిందే. నాకైతే గిల్లే పని కూడా లేదు, వాసనే చాలు."

"దగ్గర్నుంచా అన్నయ్యా?" అంది అత్తయ్య.

"లారీలోంచి. నలభై మైళ్ల వేగంలో, కళ్లు మూసుకుని."

"మరి స్టీరింగు?"

"లారీకి దారి తెలుసులే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓసారి వాన పట్టుకుంటే, లారీతో సహా ఓ అక్క కిందకి దూరాను. అప్పటికే పదకొండు లారీలు అక్కడ ఆగున్నాయి. కాడ గిల్లి చూశాను. ఆ కందిన ఎరుపుకి తెల్లారిందనుకుని మూడూళ్ల కోళ్లు కూశాయి. పక్కనే చెల్లి. 'నువ్వెందుకు కందవే' అని గదమాయించాను. పాపం, ఏడ్చింది. ఆ కన్నీళ్లకి వాగు పొంగి, నా లారీ మా ఇంటి గుమ్మం దాకా కొట్టుకొచ్చింది, చుక్క డీజిలు కాలకుండా."

"అయితే ఇవి?" అన్నాడు వడ్రంగి, బుట్ట భుజానికెత్తుకుంటూ.

"అన్నీ అక్కలే. నా పూచీ."

గుమాస్తాగారు లేచి నిలబడ్డారు గాని గొంతు పెగల్లేదు. అత్తయ్యే బుట్టకు చేయి అడ్డం పెట్టింది. "ఉండు నాయనా. అన్నయ్యా, ముందు నువ్వు నాలుగు తిను. ఇప్పుడే వేయించి పెడతాను."

మామయ్య పన్ను నొప్పన్నాడు. మెత్తగా వండుతానంది. కడుపు నిండుగా ఉందన్నాడు. అరిగేదాకా ఆగుదామంది. మామయ్య ముఖం చెవుల దాకా కందిపోయింది.

అత్తయ్య ఆ ముఖంలోకి తేరిపార చూసింది. "గిల్లాను, కందాడు. మా అన్నయ్య అక్క జాతే, మనిషిలో విషం లేదు. ఆయన మాట మాత్రం పిల్లల కంచంలో వడ్డించకు నాయనా."

బుట్టెడూ మిల్లు వెనక గుంటలో పూడ్చేశారు. వడ్రంగి పిల్లలు పెద్దవాళ్లయ్యారు. చిన్నవాడు ఆ మిల్లులోనే రంపం పట్టాడు. అత్తయ్య కొట్టుకు రెండో బల్ల అమరింది. గుమాస్తాగారు పదవీ విరమణ చేశారు గాని, ఆనాడు పెగలని గొంతును తలచుకుని తమను తాము ఇప్పటికీ మందలించుకుంటూ ఉంటారు. మామయ్య కథలో లారీలు పదిహేడయ్యాయి. ఎవరైనా పుట్టగొడుగులు పట్టుకొస్తే మాత్రం, టీ గ్లాసులోకి చూస్తూ, "నాకు తెలియదురా అల్లుడూ" అంటాడు.