మూడో కప్పులో తీపి

కాఫీ గింజలు వేయించి అమ్మే దుకాణం వెనకగది. బల్ల మీద మూడు కప్పులు, పక్కన ఉమ్మడానికో డబ్బా. రుచి చూసి సరుకు ఖాయం చేసే మామగారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. గింజలు వేయించే కోడలికి ఓపిక ఎక్కువే గానీ, ఇవాళ అదీ అడుగంటింది.

"చక్కెర వేశావు."

"వేశానా?"

"నన్నడుగుతావేంటమ్మా! ఈ మూడో కప్పులో వేశావు. నిజం చెప్పు."

"అది కొత్త తోట గింజ, మామయ్యా. బాగా పండిన కాయలే ఏరి కోశారట. ఆ తీపి గింజలోదే."

"గింజలో తీపి ఉంటుందని నాకు తెలీదా? ఉండీ లేనట్టుండాలి. ఇదేమో బెల్లం పాకం పొయ్యి మీదున్నట్టు గుప్పుమంటోంది. నువ్వు కలపకపోతే ఆ తోటాయనే కలిపాడు. ఆరబెట్టేటప్పుడు గింజల మీద పాకం చల్లుంటాడు."

"ఆయన అలాంటివాడు కాదు."

"తెగ వెనకేసుకొస్తున్నావే! నీకేమైనా చుట్టమా? ఫోన్ ఇటివ్వు. సరుకు అక్కర్లేదని చెప్పేస్తా."

"ఏడాది కష్టం మామయ్యా అది. మీరు కల్తీ అన్నారంటే ఇంకెవరూ కొనరు. ఇంకొక్కసారి తాగి చెప్పండి."

"తాగాను."

"వాసన చూశారు."

"వాసన చూశాను, చెంచాతో జుర్రాను, ఉమ్మాను. ఇంకేం చేయాలి? గ్లాసుడు తాగి చిందులేయాలా?"

"సరే, మిగతా రెండూ?"

"రెండోది మామూలే. రోజూ అమ్మేదే."

"మొదటిది?"

"అదీ అదే గింజ. చేదు, పులుపు, అన్నీ ఉండాల్సినట్టున్నాయి. శుభ్రమైన కాఫీ అంటే అదీ."

"తీపి?"

"బొత్తిగా లేదు. ఏంటలా చూస్తావు? లేదంటే లేదు."

"ఇంకోసారి..."

"ఎన్నిసార్లమ్మా! ఈ నాలుక మీద నమ్మకంతోనే దుకాణం నడుస్తోంది. ముందు ఫోన్ ఇవ్వు."

"చక్కెర వేసిన మాట నిజమే, మామయ్యా."

"చూశావా! నేను చెప్పలా?"

"మొదటి కప్పులో వేశాను. మూడు చెంచాలు."

"ఏ కప్పులో?"

"మొదటి దాన్లో. మూడోదాన్లో చిటికెడు కూడా వేయలేదు."

"నాకు... నాకే పరీక్ష పెట్టావా?"

"చక్కెరకి వాసన ఉండదు కదా. అందుకని."

"తలుపు వెయ్యి."

"వేశాను."

"డాక్టర్ రాసిన ఆ కొత్త మాత్రలు మొదలుపెట్టినప్పట్నుంచి నాలుకకేం తెలియట్లేదమ్మా. ముక్కుతోనే నెట్టుకొస్తున్నా. ఆ మూడో కప్పు అలా గుప్పుమనేసరికి భయమేసింది. ఆ తీపి నిజమో కాదో తేల్చుకోలేక, కల్తీ అనేశాను."

"డాక్టర్‌తో చెబితే మాత్రలు మారుస్తారు కదా!"

"చెబితే ఇంట్లో తెలుస్తుంది. మీ అత్తయ్యకి మాత్రం చెప్పకు. నా నాలుకంటే ఆవిడకెంత గొప్పో నీకు తెలీదూ? తట్టుకోలేదు."

"నిన్నటి కూర ఎలా ఉంది మామయ్యా?"

"ఇప్పుడు కూర గొడవెందుకు? బాగుంది. మారు వేయించుకున్నాను కూడా."

"అందులో ఉప్పు లేదు. అత్తయ్య మర్చిపోలేదు, కావాలనే మానేశారు. కప్పులో చక్కెర వేసి చూడమన్నదీ ఆవిడే."