పచ్చ లైటు

కుప్పంలో ఇంజనీరింగు చదివే కూతురు సెలవులకు పుంగనూరు వచ్చింది. బోసిగా ఉన్న ఆమె ముంజేతి మీద తల్లి కన్ను పడింది.

"గాజులు తీసేసి ఈ పట్టీ ఏందే? ఎవురిచ్చినారు?"

"కాలేజీ పోటీకి మేమే చేసినామమ్మా. అంతరిక్షంలోకి పొయ్యేవాళ్లు కట్టుకునేది. గుండె దడదడలాడితే ఎర్ర లైటు వెలుగుతాది."

"మేమంటే? మొగపిల్లోళ్లు గూడా ఉండారా?"

"ఉండారు. అయినా లైటు పచ్చగానే ఉండాది సూడు. కావాలంటే నువ్వూ కట్టుకో."

తల్లి తన గాజులు పైకి తోసుకుని, అనుమానంగానే చెయ్యి చాచింది. కూతురు కట్టిన పట్టీ మీద లైటు పచ్చగా వెలిగింది.

"సదువయ్యేదాకా సంబంధాలు సూడనంటివి గదమ్మా. పోయిన సెలవుల్లో ఇంట్లో పెట్టిపోయిన గాజుల్లో ఒకటి లేదు. బైరెడ్డిపల్లె పెండ్లికొడుకు వాళ్లకు పెండ్లిగాజుల కొలతకిచ్చినావా?"

"నేను యాల ఇస్తానే?"

అంటూనే తల్లి తన చేతిని కొంగు కింద దాచుకుంది. పలచటి నూలు చీరలోంచి లైటు ఎర్రగా కనిపిస్తూనే ఉంది.