డెల్మార్ ఇంటి కప్పు పాసైన వైనం

డెల్మార్ ఫుచ్ నోట్లో పడ్డ రొయ్య తిమింగలమై బయటికొస్తుందని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసే హోయ్ట్ తన చేపల ఎరల కొట్టు ముందర అతని కోసం ఒక కుర్చీ వేసి ఉంచేవాడు. ఫ్లారిడాలో మే నెలాఖరు పొద్దులు ఉక్కపోతగా ఉంటాయి, ఇంత అబద్ధం లేకపోతే గడవవు.

ఆ రోజు హోయ్ట్ ఉడకబెట్టిన వేరుశెనక్కాయల గిన్నె మధ్యలో పెట్టాడు. పీతలు పట్టే లూథర్ కాఫీ కప్పుతో మెట్ల మీద కూర్చున్నాడు. రెండేళ్ల కిందట తుఫాను లూథర్ ఇంటిని ఎత్తుకుపోయింది. బీమా లేదు. అప్పట్నుంచీ చక్రాల ఇంట్లోనే కాపురం. అందుకే ఎవరింటికి తనిఖీ పడిందని విన్నా ముందు అడిగేది అతనే.

"నీ ఇంటి తనిఖీ ఏమైంది డెల్మార్?"

డెల్మార్ ఇంటి కప్పుకి ఇరవై రెండేళ్లు. కప్పు, కరెంటు, నీళ్ల గొట్టాలు, ఏసీ, ఈ నాలుగూ మనిషిని పంపి చూపిస్తాం, బాగుంటేనే జూన్ దాటాక కూడా బీమా అని కంపెనీవాళ్లు ఉత్తరం రాశారు. సోమవారం ఆ మనిషి వచ్చి వెళ్లింది. జరిగింది జరిగినట్టు చెప్పడం డెల్మార్‌కి చేతకాక కాదు, అలవాటు తప్పింది.

"ఏముంది, పాసైంది," అన్నాడు, ఒక కాయ ఒలుచుకుంటూ. "ప్రిడ్డీ అని చిన్నపిల్ల వచ్చింది. నిచ్చెనేసుకుని ఎక్కి చూసి, ఇంత గట్టి కప్పు నేనెక్కడా చూళ్లేదండీ అంది. అంతే."

అంతటితో ఆపితే బాగుండేది. కానీ హోయ్ట్ "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ డెల్మార్‌కి ఎరలాంటిది.

"అంతే అంటే అంతే కాదులే. గట్టిగా ఉందని నోటిమాటగా రాస్తే మా ఆఫీసులో ఒప్పుకోరండీ అని ఆ పిల్ల గడ్డపార తెచ్చి ఒక రేకుని పెకలించబోయింది. గడ్డపార వంగింది. అబద్ధమైతే నా మొహాన ఉమ్మెయ్యండి, రెండో తరగతి మూడేళ్లు చదివినవాణ్ణి, కల్పించడానికి నాకు బుర్ర ఎక్కడిది? ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలిపరీక్ష చెయ్యాలంది. నేను సరేనని చిత్తడిలో తిరిగే గాలిపడవ ఒకటి పిలిపించాను, వెనకాల గుండ్రంగా పెద్ద పంకా ఉంటుందే, అది. దాన్ని ఇంటికేసి తిప్పి ఫుల్లుగా వదిలాం. కప్పు మీద ఆకు కదల్లేదు. పడవే వెనక్కి జారి, వీధి దాటి, ఖాతం దాటి పోయింది. నడిపేవాడు మెక్సికోలో దిగి ఉత్తరం రాశాడు."

"సోమవారం పోయినవాడు గురువారానికి ఉత్తరం ఎలా రాశాడు?" అన్నాడు హోయ్ట్.

"అంత వేగంగా పోయాడని చెప్పట్లా?" అని డెల్మార్ కాఫీ గుక్కేసి ఇంకాస్త ముందుకి వంగాడు. సముద్రంలో పుడుతున్న తుఫానొకటి ఈ సంగతి విని, పరువెందుకు పోగొట్టుకోవడమని టెక్సాస్ వైపు తిరిగిపోయిందట. బీమా కంపెనీ పెద్దాయన స్వయంగా ఫోన్ చేశాడట. మీ ఇంటికి మేం బీమా ఇవ్వడం కాదు బాబూ, మా ఆఫీసుకి మీ ఇల్లే బీమా, గాలొచ్చినప్పుడు మా కాగితాలన్నీ మీ అటక మీద పెట్టుకోనిస్తారా అని బతిమాలాడట. చూద్దాంలే అన్నాడట డెల్మార్.

హోయ్ట్ కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. లూథర్ నవ్వలేదు.

"పడవ సంగతి పక్కనపెట్టు," అన్నాడు నెమ్మదిగా. "కప్పు పాసైన మాట నిజమేనా? మా చెల్లెలి ఇంటి కప్పూ ఇరవై ఏళ్లదే. నీది పాసైందంటే, ఆమెకి కూడా ఫరవాలేదని చెప్తాను."

డెల్మార్ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే కొట్టు తలుపు తీసుకుని, రొయ్యల పొట్లంతో మిస్ ఒర్లీన్ బయటికొచ్చింది. డెల్మార్ పక్కింటావిడ. ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపిన మనిషి కాబట్టి ఆమె గొంతు పెంచాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

"డెల్మార్," అంది. "సోమవారం ఆ ప్రిడ్డీ పిల్ల నీ కుడికాలు పట్టుకుంది. ఎడమకాలు పట్టుకున్నదెవరో నీకు తెలుసా?"

డెల్మార్ మొహం ఉడికిన పీతలా అయింది. అతను నిజంగా ఎరగడు.

ఇంక దాచి లాభం లేదని అతనే చెప్పాడు. తనిఖీకి గంటన్నర ముందు, గోడల్నీ కప్పునీ కలిపి పట్టే ఇనుప పట్టీలు కొనుక్కొచ్చి అటకెక్కాడు, తనే బిగించేద్దామని. రెండు బిగించాడు. మూడోదానికి దూలం మీంచి అడుగు తప్పి, వంటింటి సీలింగుని చీల్చుకుని నడుం దాకా దిగి ఇరుక్కుపోయాడు. నడుం పైన అటకలో, కింద వంటింట్లో. తనిఖీకి వచ్చిన పిల్లకి ముందుగా కనబడినవి పొయ్యి మీద వేలాడుతున్న రెండు కాళ్లు. ఆమె కుర్చీ ఎక్కి పైకి తోస్తే ఒక్కదాని వల్ల కాలేదు. బయటికి పరిగెత్తింది. కాసేపటికి రెండో కాలూ ఎవరో పట్టుకుని పైకి తోశారు. తల అటకలో ఉంది, ఎవరో కనబడలేదు. దిగేసరికి ఆ పిల్ల ఒక్కతే ఉంది.

"నువ్వు దిగేలోపు నేను వెళ్లిపోయాను," అంది ఒర్లీన్. "మేజోడుకి మడమ దగ్గర చిల్లు కూడా చూశాను. ఎవరికీ చెప్పలేదు, చెప్పేదాన్నీ కాదు. కానీ లూథర్ నీ మాట పట్టుకుని చెల్లెలి ఇంటికి ఫరవాలేదని చెప్తే ఎలా?"

డెల్మార్ లూథర్ వైపు తిరిగాడు.

"పాసవలేదు," అన్నాడు. "కరెంటూ గొట్టాలూ ఏసీ బాగున్నాయట. కప్పు నెల్లోపల మార్చకపోతే బీమా లేదు. వంటింట్లో కొత్త కన్నం ఒకటి, అది కూడా రాసుకుంది. మీ చెల్లెల్ని ఇప్పుడే చూపించుకోమను."

లూథర్ అలాగేనని తలూపాడు. తన ఇల్లు పోయినప్పుడు తనూ ఎవర్నీ సాయం అడగలేదని, అడిగుంటే నలుగురొచ్చేవాళ్లేమోనని అన్నాడు. శనివారం పొద్దున్న కప్పు పని మొదలుపెడదాం, సుత్తులు నా దగ్గరున్నాయి అన్నాడు హోయ్ట్. అన్నం సంగతి నేను చూస్తానంది ఒర్లీన్.

"ఇంతకీ ఎంతసేపు వేలాడావు?" అని హోయ్ట్ అడిగాడు.

"పది నిమిషాలు."

ఒర్లీన్ అతని వంక చూసింది.

"గంటా పది నిమిషాలు," అన్నాడు డెల్మార్. "శనివారం రండి మరి. పైకెక్కేవాళ్లలో మాత్రం నన్ను లెక్కపెట్టకండి."