ఆఖరున పాడే పాట

తిరుపతి ఆస్పత్రిలో గొంతు ఆపరేషన్‌కు ఎప్పుడు పిలుస్తారా అని కోమలి మంచం మీద కూర్చుని ఉంది. ఊరూరా ఆమెకు పేరు తెచ్చిన ఎడబాటు పాటను ఫోనులో రికార్డు చేసుకోవాలని ఆమె భర్త పట్టుబట్టాడు. ఆర్కెస్ట్రా నడిపేది ఆయనే.

“ఒక్కసారి పాడు కోమలీ. రేపు గొంతు ఎట్లుంటాదో డాక్టరే చెప్పలేకున్నాడు.”

“వద్దయ్యా. భయంగా ఉండాది.”

“గంగజాతరలో అంతమంది ముందర పాడినావే! నా ఒక్కడి ముందర భయమా?”

“ఆ పాటను ఎప్పుడూ ఆఖర్న ఎందుకు పెడతావు నువ్వు?”

“ముందే పాడితే జనం లేసి పోతారు. మిగతావి ఎవడు వింటాడు?”

“అదేనయ్యా నా భయం. ఇది పాడేస్తే ప్రోగ్రాం అయిపోయినట్టే.”

ఆయన ఫోనులో రికార్డింగు నొక్కి ఆమె వైపు పట్టుకున్నాడు.

“అయితే పల్లవి పాడి ఆపు. చరణాలు బయటికొచ్చినాక పాడుదువు.”

“రాలేకపోతే?”

“పాట సగంలో ఉండంగా ఎవరన్నా లేసి పోతారా, పిచ్చిదానా?”

ఆమె సన్నగా పల్లవి పాడి ఆపేసింది. నర్సులు వచ్చి స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు.

తలుపు దగ్గర కోమలి తల తిప్పి చూసింది. ఆయన కుర్చీలోంచి లేవలేదు. ఫోను ఇంకా ఆమె వైపే పట్టుకుని ఉన్నాడు.